కోడి రక్తకణంలో మూతపడే కేంద్రకం: హిస్టోన్లు చెబుతున్నదేమిటి?

కోడి రక్తపు చుక్కను గాజు పలక మీద పలుచగా పరిచి, రంగు వేసి సూక్ష్మదర్శిని కింద పెడితే ముందుగా కంటపడేది కణాల ఆకారం. మనిషి ఎర్ర రక్తకణం గుండ్రంగా, నడుమ నొక్కినట్టు ఉంటుంది. కోడి కణం కోలగా ఉంటుంది. దాని మధ్యలో ముదురు ఊదా రంగులో చిన్న గింజలాంటిది కనిపిస్తుంది. అదే కేంద్రకం. మనిషి ఎర్ర రక్తకణంలో అది ఉండదు.

అయితే ఆ గింజ కణానికి పెద్దగా పని చేసిపెడుతున్నదేమీ కాదు. అందులో కోడికి సంబంధించిన డీఎన్ఏ మొత్తం ఉంది. కాలేయానికి, మెదడుకు, ఈకలకు కావలసిన జన్యువులన్నీ ఉన్నాయి. కానీ దాదాపు అన్నీ మూతపడి ఉన్నాయి. డీఎన్ఏ నకలు తయారు కాదు, కణం విభజన చెందదు, ఆర్‌ఎన్‌ఏ తయారీ నామమాత్రంగా మిగులుతుంది. ఉన్న డీఎన్ఏలో ఒక్క అక్షరం కూడా తీసేయకుండా కణం దాన్ని ఎలా మూసేస్తుంది? ఈ ప్రశ్నకు సమాధానం వెతికే క్రమంలోనే, జన్యువుల నియంత్రణ గురించి మనకు తెలిసిన మౌలిక విషయాలు చాలావరకు బయటపడ్డాయి. హిస్టోన్ అనే ప్రొటీన్ తొలిసారి చేతికి చిక్కింది కూడా పక్షి రక్తంలోనే.

మనం పారేసేది, పక్షి దాచుకునేది

మనిషి ఎముక మజ్జలో రోజుకు సుమారు 20 వేల కోట్ల ఎర్ర రక్తకణాలు తయారవుతాయి. ప్రతి కణమూ పరిపక్వ దశకు చేరే ముందు తన కేంద్రకాన్ని బయటికి నెట్టేస్తుంది. పక్కనే ఉన్న మాక్రోఫేజ్ కణాలు దాన్ని మింగేస్తాయి. అలా కేంద్రకం పోయిన కణం సుమారు 120 రోజులు రక్తంలో తిరుగుతుంది. క్షీరదాలన్నింటిలో ఇదే పద్ధతి. కోలగా ఉండే ఒంటె ఎర్ర రక్తకణంలోనూ కేంద్రకం ఉండదు.

పక్షులు, పాములు, కప్పలు, చేపల దారి వేరు. వాటి ఎర్ర రక్తకణాలు కేంద్రకాన్ని వదులుకోవు. కోడి కణం పొడవు సుమారు 12 మైక్రాన్లు, వెడల్పు దాదాపు 7 మైక్రాన్లు. మనిషి కణం వ్యాసం 7 నుంచి 8 మైక్రాన్లు. ఇద్దరి కణాల్లోనూ ప్రొటీన్‌లో సింహభాగం హిమోగ్లోబినే. అంటే రెండు జంతువులూ ఒకే పనికి ఒకే రకం కణాన్ని తయారు చేసుకున్నాయి. చివరి మెట్టులో మాత్రం ఒకటి కేంద్రకాన్ని విసిరేసింది, మరొకటి మడిచి లోపలే పెట్టుకుంది.

పరిశోధకులకు ఈ మడత ఎందుకు ముఖ్యం? ఒంట్లోని ఏ కణజాలం తీసుకున్నా అందులో రకరకాల కణాలు కలిసిపోయి ఉంటాయి. కొన్ని విభజనలో ఉంటాయి, కొన్ని విశ్రాంతిలో ఉంటాయి. కోడి రక్తంలో అలా కాదు. ఒకే రకం కణాలు కోట్ల కొద్దీ, ఒకే స్థితిలో, సులువుగా దొరుకుతాయి. కణపు పొరను పగలగొడితే హిమోగ్లోబిన్ కారిపోయి శుభ్రమైన కేంద్రకాలు అడుగున మిగులుతాయి. పైగా కోడికి ఫినైల్‌హైడ్రజీన్ అనే రసాయనం ఇచ్చి రక్తహీనత కలిగిస్తే, ఇంకా పరిపక్వం కాని కణాలు రక్తంలోకి పెద్ద సంఖ్యలో వస్తాయి. అప్పుడు లేత కణాన్నీ ముదురు కణాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చవచ్చు.

హిస్టోన్ పుట్టిల్లు పెద్దబాతు రక్తం

1869లో జర్మనీలోని ట్యూబింగెన్‌లో ఫ్రీడ్రిక్ మీషర్ గాయాల కట్లకు అంటిన చీము కణాల నుంచి న్యూక్లీన్ అనే పదార్థాన్ని వేరు చేశాడు. ఇప్పుడు మనం డీఎన్ఏ అంటున్నది ఇందులోదే. పదిహేనేళ్ల తరువాత, 1884లో ఆల్బ్రెక్ట్ కోసెల్ పెద్దబాతు ఎర్ర రక్తకణాల కేంద్రకాలను తీసుకుని సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగాడు. ఆమ్లంలోకి ఒక ప్రొటీన్ దిగింది. దానికి ఆయన హిస్టోన్ అని పేరు పెట్టాడు. కణ రసాయన శాస్త్రానికి, ముఖ్యంగా ప్రొటీన్లు, కేంద్రక పదార్థాల మీద చేసిన కృషికి 1910లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ తరువాత చాలా కాలం హిస్టోన్లను డీఎన్ఏకు చుట్టుకున్న మూటగుడ్డలాగే చూశారు. 1950లో స్టెడ్‌మన్ దంపతులు ఒక ఊహను ముందుకు తెచ్చారు. అన్ని కణాల్లో ఒకే జన్యువులు ఉన్నప్పుడు కణాలు వేరువేరుగా ఎందుకుంటాయి? హిస్టోన్లు కొన్ని జన్యువులను నొక్కి పెడుతున్నాయేమో, ఒక్కో కణజాలానికి ఒక్కో రకం హిస్టోన్ ఉందేమో అన్నది వారి ఆలోచన. ఇందులో సగం నిజమైంది, సగం కాలేదు. చాలా కణజాలాల్లో హిస్టోన్లు దాదాపు ఒక్కటే. ఆవులో ఉన్న హెచ్‌4 హిస్టోన్‌కూ బఠానీ మొక్కలో ఉన్న హెచ్‌4కూ మధ్య తేడా రెండు అమైనో ఆమ్లాలే. కానీ ఒక పెద్ద మినహాయింపు దొరికింది. 1960ల్లో కెనడాలో నీలిన్ బృందం కోడి ఎర్ర రక్తకణాలను పరిశీలిస్తూ, మిగతా కణజాలాల్లో లేని ఒక హిస్టోన్‌ను గుర్తించింది. దాన్నే ఇప్పుడు హెచ్‌5 అంటున్నాం.

కండె, నూలు, ముడి

హెచ్‌5 ఏం చేస్తుందో తెలియాలంటే ముందు డీఎన్ఏ చుట్టుకునే పద్ధతి తెలియాలి. కోడి కణంలోని డీఎన్ఏను సాగదీస్తే ముప్పావు మీటరు దాకా వస్తుంది. అదంతా కొన్ని మైక్రాన్ల కేంద్రకంలో ఇమడాలి. డీఎన్ఏకు రుణావేశం ఉంటుంది. హిస్టోన్లలో లైసిన్, ఆర్జినైన్ అనే అమైనో ఆమ్లాలు ఎక్కువ కాబట్టి వాటికి ధనావేశం ఉంటుంది. ఆ ఆకర్షణతో రెండూ అతుక్కుంటాయి.

హెచ్‌2ఏ, హెచ్‌2బీ, హెచ్‌3, హెచ్‌4 హిస్టోన్లు రెండేసి చొప్పున ఎనిమిది కలిసి ఒక కండెలాంటి గుత్తి అవుతాయి. దాని మీద సుమారు 147 జతల డీఎన్ఏ దాదాపు ఒకటిన్నర చుట్లకు పైగా చుట్టుకుంటుంది. ఇదే న్యూక్లియోసోమ్. ఒక కండెకూ తరువాతి కండెకూ మధ్య కొంత ఖాళీ డీఎన్ఏ ఉంటుంది. దాన్ని అనుసంధాన డీఎన్ఏ అంటారు. 1974లో అమెరికాలోని ఓక్ రిడ్జ్‌లో ఆడా ఓలిన్స్, డొనాల్డ్ ఓలిన్స్ దంపతులు ఈ నిర్మాణాన్ని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో దారానికి గుచ్చిన పూసల్లా చూపించారు. వారు వాడిన కేంద్రకాల్లో కోడి ఎర్ర రక్తకణాలవి కూడా ఉన్నాయి. అదే ఏడాది రోజర్ కోర్న్‌బర్గ్ ఎనిమిది హిస్టోన్ల నమూనాను ప్రతిపాదించాడు.

ఇక మిగిలింది అనుసంధాన హిస్టోన్. సాధారణ కణాల్లో ఇది హెచ్‌1. డీఎన్ఏ కండె మీదికి ఎక్కే చోట, దిగే చోట ఇది కూర్చుని చుట్టు వదులు కాకుండా ముడి వేసినట్టు పట్టి ఉంచుతుంది. ఈ ముడి బిగుసుకుంటే పక్క పక్క కండెలు దగ్గరికి జరుగుతాయి, మొత్తం దారం మడత పడుతుంది. డీఎన్ఏ, హిస్టోన్లు, ఇతర ప్రొటీన్లు కలిసిన ఈ సముదాయాన్నే క్రొమాటిన్ అంటారు.

కోడి రక్తకణంలో హెచ్‌1కు తోడుగా వచ్చి, చాలావరకు దాని స్థానాన్ని ఆక్రమించేదే హెచ్‌5. ఇందులో 189 అమైనో ఆమ్లాలు ఉంటాయి. హెచ్‌1 కంటే చిన్నదే, కానీ ఆర్జినైన్ పాలు ఎక్కువ. డీఎన్ఏను హెచ్‌1 కంటే గట్టిగా పట్టుకుంటుంది. క్రొమాటిన్‌ను ఉప్పు ద్రావణంతో కడిగితే హెచ్‌1 ముందు ఊడివస్తుంది. హెచ్‌5ను ఊడదీయడానికి ఇంకా గాఢమైన ఉప్పు కావాలి.

దశల వారీగా మూత

కోడి పిండంలో ఎర్ర రక్తకణాలు రెండు విడతలుగా తయారవుతాయి. పొదిగిన రెండో రోజుకే సొన సంచి మీద తొలి తరం కణాలు కనిపిస్తాయి. అయిదో రోజు దాటాక రెండో తరం కణాలు రావడం మొదలై, క్రమంగా వాటి స్థానంలోకి వస్తాయి. పెరిగిన కోడిలో ఈ పని ఎముక మజ్జలోని రక్తనాళికల లోపల జరుగుతుంది.

మొదటి దశ ఎరిత్రోబ్లాస్ట్. పెద్ద కణం, పెద్ద కేంద్రకం. క్రొమాటిన్ వదులుగా ఉంటుంది. కణం చకచకా విభజన చెందుతుంది. ఇందులో హెచ్‌1 పుష్కలంగా ఉంటుంది, హెచ్‌5 కొద్దిగా ఉంటుంది. తరువాతివి పాలీక్రొమాటిక్ దశలు. హిమోగ్లోబిన్ పేరుకుంటూ ఉండటంతో కణద్రవ్యం రంగు మారుతుంది. విభజన మందగించి ఆగిపోతుంది. కేంద్రకం కుంచించుకుపోవడం మొదలవుతుంది. హెచ్‌5 పరిమాణం మెట్టు మెట్టుకూ పెరుగుతుంది. చివరిది పరిపక్వ కణం. కేంద్రకం చిన్నదై, క్రొమాటిన్ గట్టిగా ముద్ద కట్టి ఉంటుంది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. మామూలుగా హిస్టోన్లు డీఎన్ఏ నకలు తయారయ్యే సమయంలోనే తయారవుతాయి. కొత్త డీఎన్ఏకు కొత్త కండెలు కావాలి కదా. హెచ్‌5 ఆ కట్టుబాటులో లేదు. కణం విభజన ఆపేశాక కూడా హెచ్‌5 తయారవుతూనే ఉంటుంది. మామూలు హిస్టోన్ల సందేశక ఆర్‌ఎన్‌ఏకు చివర ఉండని పాలీ-ఏ తోక హెచ్‌5 ఆర్‌ఎన్‌ఏకు ఉంటుంది. అంటే కట్టడం పూర్తయిన ఇంట్లోకి తాళాలు తరువాత వచ్చి చేరుతున్నాయన్నమాట.

ఆ తాళాల లెక్క కూడా తేలింది. పరిపక్వ కోడి కణంలో ఒక్కో న్యూక్లియోసోమ్‌కు సగటున 0.9 హెచ్‌5, 0.4 హెచ్‌1 ఉంటాయని 1981లో కేంబ్రిడ్జ్‌లో బేట్స్, థామస్ కొలిచారు. మొత్తం 1.3. చాలా కణాల్లో ఈ సంఖ్య ఒకటికి మించదు. హెచ్‌1 పూర్తిగా పోలేదు, దాని పక్కన హెచ్‌5 వచ్చి చేరింది. అదే సమయంలో కండెల మధ్య దూరం కూడా మారుతుంది. ఒక న్యూక్లియోసోమ్ మొదలు నుంచి తరువాతి దాని మొదలు వరకు ఉండే డీఎన్ఏ నిడివి లేత కణాల్లో దాదాపు 190 జతలైతే, పరిపక్వ కణంలో 212 జతలకు చేరుతుందని 1978లో హెరాల్డ్ వైన్‌ట్రాబ్ చూపించాడు. అనుసంధాన డీఎన్ఏ పెరిగింది కాబట్టి దాని రుణావేశాన్ని అణచడానికి ఎక్కువ ధనావేశం కావాలి. దానికి హెచ్‌5 సరిపోతుంది.

హెచ్‌5 కొత్తగా తయారైనప్పుడు దాని మీద ఫాస్ఫేట్ గుర్తులు ఉంటాయి. ఫాస్ఫేట్‌కు రుణావేశం ఉంటుంది కాబట్టి ఆ స్థితిలో పట్టు కాస్త సడలి ఉంటుంది. కణం ముదిరే కొద్దీ ఈ ఫాస్ఫేట్లు తొలగిపోతాయి, క్రొమాటిన్ బిగుసుకుంటుంది. కాబట్టి హెచ్‌5 ఎంత ఉందన్నది మాత్రమే చూస్తే చాలదు, ఏ రూపంలో ఉందన్నదీ చూడాలి.

1989లో వచ్చిన ఒక ప్రయోగం దీన్ని మరో వైపు నుంచి బలపరిచింది. ఎలుక క్యాన్సర్ కణాల్లోకి హెచ్‌5 జన్యువును పంపి, దాన్ని పనిచేయించారు. కణాల్లో డీఎన్ఏ నకలు, విభజన మందగించాయి. రక్తంతో సంబంధం లేని కణంలో కూడా ఒక్క అనుసంధాన హిస్టోన్ వృద్ధిని అడ్డుకోగలదని దీనితో తేలింది.

అన్నీ మూసినా తెరిచి ఉన్న గది

పరిపక్వత వైపు సాగే కణానికి ఒక ఇబ్బంది ఉంది. మిగతా జన్యువులన్నీ మూతపడుతున్న సమయంలోనే గ్లోబిన్ జన్యువులు మాత్రం జోరుగా పనిచేయాలి. లేకపోతే హిమోగ్లోబిన్ లేదు, కణానికి అర్థమే లేదు. మూసే పనీ తెరిచి ఉంచే పనీ ఒకే కేంద్రకంలో ఎలా సాధ్యం?

1976లో వైన్‌ట్రాబ్, మార్క్ గ్రూడిన్ చేసిన ప్రయోగం ఈ ప్రశ్నను సూటిగా తాకింది. డీఎన్ఏను కొరికే డీఎన్ఏజ్-1 అనే ఎంజైమును కోడి రక్తకణ కేంద్రకాల మీద కొద్దిసేపు వదిలారు. అది గ్లోబిన్ జన్యువులను ముందుగా కొరికింది. గుడ్డులోని తెల్లసొన ప్రొటీన్ అయిన ఓవల్బుమిన్ జన్యువును అంత సులువుగా తాకలేదు. ఇతర కణాల నుంచి తీసిన కేంద్రకాల్లోనైతే గ్లోబిన్ జన్యువులకూ ఆ దుర్బలత్వం లేదు. అంటే జన్యువు ఒకటే, క్రొమాటిన్ రూపం వేరు. కణం ఏ రకమో ఆ రూపమే చెబుతోంది. ఆర్‌ఎన్‌ఏ తయారీ దాదాపు ఆగిపోయిన పరిపక్వ కణాల్లో కూడా గ్లోబిన్ ప్రాంతం ఈ తెరిచిన లక్షణాన్ని చాలావరకు నిలుపుకుంటుంది. పని ఆగినా గుర్తు మిగులుతుందన్నమాట.

ఆ గుర్తు ఏమిటి? హిస్టోన్ల తోకల్లోని లైసిన్‌కు అసిటైల్ సమూహం చేరితే దాని ధనావేశం తగ్గుతుంది, డీఎన్ఏ మీద పట్టు సడలుతుంది. అసిటైల్ చేరికకూ జన్యువుల పనికీ సంబంధం ఉండవచ్చని 1964లోనే విన్సెంట్ ఆల్‌ఫ్రీ సూచించాడు. సూటి రుజువు 1988లో వచ్చింది. ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మత్‌కు చెందిన హెబ్స్, థార్న్, క్రేన్-రాబిన్సన్ కోడి పిండం ఎర్ర రక్తకణాల నుంచి అసిటైల్ చేరిన హిస్టోన్లున్న న్యూక్లియోసోమ్‌లను ప్రతిరక్షకంతో ఏరి పట్టారు. వాటితో పాటు వచ్చిన డీఎన్ఏలో గ్లోబిన్ జన్యువు పుష్కలంగా ఉంది, ఓవల్బుమిన్ జన్యువు లేదు. ప్రతిరక్షకంతో క్రొమాటిన్‌ను ఏరే ఈ పద్ధతి ఇవాళ ఎన్నో జన్యు ప్రయోగశాలల్లో దైనందిన పని. 1994లో అదే బృందం బీటా గ్లోబిన్ ప్రాంతమంతటినీ కొలిచి, అసిటైల్ గుర్తు ఎక్కడి వరకు ఉందో తెరిచిన క్రొమాటిన్ కూడా దాదాపు అక్కడి వరకే ఉందని చూపించింది.

గది గోడ, తలసీమియా చికిత్స

తెరిచిన గదికీ మూసిన గదికీ మధ్య గోడ ఉండాలి. లేకపోతే మూత పక్కకు పాకి గ్లోబిన్ జన్యువులను కూడా కప్పేస్తుంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో గ్యారీ ఫెల్సెన్‌ఫెల్డ్ బృందం 1993లో ఆ గోడను గుర్తించింది. కోడి బీటా గ్లోబిన్ ప్రాంతం ఒక కొసన ఉన్న సుమారు 1,200 జతల డీఎన్ఏ ముక్క అది. పక్క ప్రాంతపు ప్రభావాన్ని ఇవతలికి రానివ్వదు. దీన్ని ఇన్సులేటర్ అంటారు. 1999లో ఆ ముక్కకు సీటీసీఎఫ్ అనే ప్రొటీన్ అతుక్కోవడం వల్లే కొంత అడ్డు కలుగుతోందని తేలింది. 2001లో అదే బృందం, గోడకు అవతల మూసిన ప్రాంతంలో హెచ్‌3 తొమ్మిదో లైసిన్ మీద మిథైల్ గుర్తు, ఇవతల తెరిచిన ప్రాంతంలో నాలుగో లైసిన్ మీద మిథైల్ గుర్తు ఉన్నాయని చూపించింది.

ఇది మన దేశానికి దూరపు విషయం కాదు. బీటా తలసీమియాలో బీటా గ్లోబిన్ జన్యువే దెబ్బతింటుంది. భారత్‌లో ఏటా వేల మంది పిల్లలు తీవ్ర తలసీమియాతో పుడుతున్నారు. నెలకో, మూడు వారాలకో రక్తం ఎక్కించుకుంటూ బతకాల్సిన పరిస్థితి. మంచి గ్లోబిన్ జన్యువును రోగి రక్త మూలకణాల్లోకి పంపడం ఒక పరిష్కారం. కానీ ఆ జన్యువు ఎక్కడ పడుతుందో చెప్పలేం. పక్కనున్న క్రొమాటిన్ దాన్ని మూసేయవచ్చు, లేదా అదే పక్కనున్న జన్యువును రెచ్చగొట్టవచ్చు. అందుకే తొలి వాహకాల్లో ఒకదానికి రెండు కొసలా కోడి ఇన్సులేటర్ ముక్కలను జోడించారు. ఫ్రాన్స్‌లో 2007లో ఆ వాహకంతో చికిత్స పొందిన ఒక రోగికి రక్తం ఎక్కించుకునే అవసరం తప్పిందని 2010లో ప్రకటించారు. అదే నివేదికలో ఒక హెచ్చరికా ఉంది. వాహకం హెచ్‌ఎంజీఏ2 అనే జన్యువులో పడి, ఆ కణ వంశం మిగతావాటి కంటే ఎక్కువగా పెరిగింది. ఇన్సులేటర్ ముక్కల్లో ఒకటి మధ్యలో రాలిపోయింది కూడా. తరువాతి తరం వాహకంలో ఈ ముక్కలను తీసేశారు. గోడ అనే ఆలోచన సరైనదే, కానీ ప్రకృతిలో పనిచేసే గోడను ఇంకొకచోట నిలబెట్టడం వేరే పని అని ఆ అనుభవం నేర్పింది.

మూసింది మళ్లీ తెరుచుకుంటుందా?

ఇంత గట్టిగా మూసిన కేంద్రకం చచ్చినట్టేనా? 1965లో ఆక్స్‌ఫర్డ్‌లో హెన్రీ హ్యారిస్ దీన్ని పరీక్షించాడు. నిర్వీర్యం చేసిన సెండాయ్ వైరస్ సాయంతో కోడి ఎర్ర రక్తకణాన్ని మనిషి హీలా కణంతో కలిపేశాడు. ఒకే కణంలో రెండు కేంద్రకాలు వచ్చాయి. కోడి కేంద్రకం హీలా కణద్రవ్యంలో ఉబ్బింది, క్రొమాటిన్ విడివడింది, ఆర్‌ఎన్‌ఏ తయారీ మొదలైంది, డీఎన్ఏ నకలు కూడా తయారైంది. స్వీడన్‌లో నీల్స్ రింగెర్ట్జ్ తదితరులు ఈ పనిని ముందుకు తీసుకెళ్లారు.

1983లో ఇంకో అడుగు పడింది. అమెరికాలో మేరీ డిబెరార్డినో, నాన్సీ హాఫ్నర్ కప్ప ఎర్ర రక్తకణాల కేంద్రకాలను ముందు అపరిపక్వ అండాల్లో ఉంచి, వాటిని పరిపక్వం చేయించి అభివృద్ధి చెందనిచ్చారు. కొన్ని ఈదే తోకకప్పల దాకా ఎదిగాయి. ఒక ఎర్ర రక్తకణపు కేంద్రకంలో కన్ను, కండరం, నాడులు తయారు చేసే సమాచారం చెక్కుచెదరకుండా ఉందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. మూత పడటం అంటే పోగొట్టుకోవడం కాదు. కణం గతి ఖాయమైపోయినా, ఆ ఖాయం డీఎన్ఏ మీద రాసింది కాదు, దాని చుట్టూ ఉన్న ప్రొటీన్లలో ఉంది.

తాళం ఆకృతి తీసినవాడు మన రామకృష్ణన్

హెచ్‌5 అసలు ఎలా పట్టుకుంటుందో తెలుసుకోవడంలో ఒక భారతీయ శాస్త్రవేత్త పాత్ర ఉంది. తమిళనాడులోని చిదంబరంలో పుట్టి బరోడాలో చదువుకున్న వెంకట్రామన్ రామకృష్ణన్ రైబోసోమ్ మీద కృషికి 2009లో రసాయన శాస్త్ర నోబెల్ పొందారు. అంతకు ముందు అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో ఉండగా ఆయన క్రొమాటిన్ మీద పనిచేశారు. 1993లో ఆయన బృందం హెచ్‌5 నడిమి ముద్ద భాగపు స్ఫటిక నిర్మాణాన్ని ప్రచురించింది. రెక్కలు తగిలించినట్టుండే మడత అది. జన్యువులను ఆన్ చేసే కొన్ని ప్రొటీన్లలోనూ అదే మడత ఉండటం ఆసక్తికరం. డీఎన్ఏను తాకగల చోట్లు రెండున్నాయని, రెండు డీఎన్ఏ పోగులను ఒకేసారి పట్టుకోగలదని ఆ నిర్మాణం సూచించింది. 2015లో న్యూక్లియోసోమ్‌తో కలిసి ఉన్న హెచ్‌5 ముద్ద నిర్మాణం వెలువడింది. కండె సరిగ్గా మధ్య అక్షం మీద కూర్చుని, లోపలికి వచ్చే డీఎన్ఏనూ బయటికి పోయే డీఎన్ఏనూ అది తాకుతోందని తేలింది.

హెచ్‌5 ఒక్కటే కారణమా?

పాఠ్యపుస్తకాల్లో కథ తేలిగ్గా ఉంటుంది. హెచ్‌5 వచ్చింది, క్రొమాటిన్ ముద్ద కట్టింది, జన్యువులు మూతపడ్డాయి అని. వాస్తవం అంత నేరుగా లేదు. హెచ్‌5 తొలి దశల నుంచే కొంత ఉంటుంది, ఆ దశలో జన్యువులు పనిచేస్తూనే ఉంటాయి. తెరిచి ఉన్న గ్లోబిన్ ప్రాంతంలో కూడా అనుసంధాన హిస్టోన్లు పూర్తిగా లేకుండా పోవు. ఫాస్ఫేట్ తొలగడం, అసిటైల్ తగ్గడం, కేంద్రకంలోని ఇతర ప్రొటీన్లు మాయం కావడం అన్నీ ఒకే కాలంలో జరుగుతాయి. వీటిలో ఏది కారణం, ఏది ఫలితం అని విడదీయడం కష్టం.

ఒక ఉదాహరణ చాలు. చాలా కణాల్లో మూసిన క్రొమాటిన్‌కు హెచ్‌పీ1 అనే ప్రొటీన్ గుర్తుగా ఉంటుంది. అది లేకుండా మూత సాధ్యం కాదని అనుకునేవారు. 2003లో నిక్ గిల్బర్ట్, వెండీ బిక్‌మోర్ తదితరులు కోడి పరిపక్వ ఎర్ర రక్తకణాల్లో హెచ్‌పీ1 లేదని, అయినా క్రొమాటిన్ గట్టిగా మూసుకునే ఉందని చూపించారు. మూయడానికి దారులు ఒకటి కంటే ఎక్కువన్నమాట.

మరో వివాదం 30 నానోమీటర్ల పోగు గురించి. పూసల దారం మెలి తిరిగి 30 నానోమీటర్ల మందం పోగు అవుతుందని దశాబ్దాలుగా పుస్తకాలు చెబుతూ వచ్చాయి. 2008 తరువాత గడ్డకట్టించిన మానవ కణాలను నేరుగా చూసినప్పుడు అలాంటి పోగు దొరకలేదు. 2011లో కోడి ఎర్ర రక్తకణ కేంద్రకాల్లో మాత్రం అది కనిపించింది. దీర్ఘ అనుసంధాన డీఎన్ఏ, అధిక హెచ్‌5 ఉన్న ఈ ప్రత్యేక కణంలోనే ఆ పోగు నిలబడుతోందని ఒక వివరణ. మనం ఏళ్ల తరబడి సర్వసాధారణం అనుకున్న చిత్రం, పరిశోధకులు ఎక్కువగా వాడిన కణాల ప్రత్యేకత కావచ్చు. సులువుగా దొరికే నమూనా ఎంత మేలు చేస్తుందో, ఎంత తప్పుదారి పట్టించగలదో ఇది చెబుతుంది.

మనలోనూ ఒక చుట్టం

మనిషికి హెచ్‌5 లేదు. కానీ దానికి బాగా దగ్గరి హిస్టోన్ ఒకటి ఉంది, హెచ్‌1.0. విభజన ఆపి తమ పనిలో కుదురుకున్న కణాల్లో ఇది పేరుకుంటుంది. కణితుల్లో దీని పాత్రపై 2016లో ఒక ముఖ్యమైన అధ్యయనం వచ్చింది. ఒకే కణితిలో కొన్ని కణాల్లో హెచ్‌1.0 ఎక్కువ, కొన్నింటిలో తక్కువ. తక్కువ ఉన్న కణాలే కణితిని మళ్లీ మళ్లీ పెంచగల శక్తిని నిలుపుకుంటున్నాయి. కోడి రక్తకణం హెచ్‌5తో చేసే పనిని, అంటే కుదురుకుని విభజన మానేయడాన్ని, ఆ క్యాన్సర్ కణాలు తప్పించుకుంటున్నాయి. పక్షి రక్తంలో మొదలైన ప్రశ్న క్యాన్సర్ వార్డు గుమ్మం దాకా వచ్చింది.

మూసిన కేంద్రకంతో లాభాలు

పక్షులు కేంద్రకాన్ని దాచుకోవడం వల్ల మరికొన్ని ప్రయోజనాలు కలిగాయి. మనిషి రక్తంలో డీఎన్ఏ కావాలంటే తెల్ల రక్తకణాల మీద ఆధారపడాలి. పక్షికి ఒక్క చుక్క చాలు, ఒక ఈక మొదట్లో అంటిన రక్తమైనా చాలు. మగదో ఆడదో పైకి చూసి చెప్పలేని పక్షి జాతుల్లో సీహెచ్‌డీ1 జన్యువును పరీక్షించి లింగం నిర్ధారిస్తారు. హైదరాబాద్‌లోని సీసీఎంబీకి చెందిన అంతరించిపోతున్న జాతుల సంరక్షణ ప్రయోగశాల, లాకోన్స్, వన్యప్రాణుల డీఎన్ఏ పరీక్షల్లో దేశంలో పేరున్న కేంద్రం. కోడి కేంద్రకంలో డీఎన్ఏ సుమారు 2.5 పికోగ్రాములని నిక్కచ్చిగా తెలుసు కాబట్టి, ఇతర జీవుల డీఎన్ఏ పరిమాణం కొలిచేటప్పుడు దాన్ని తూకపు రాయిలా వాడతారు.

కేంద్రకం మూతపడ్డాక కణం పూర్తిగా మొద్దుబారిందనీ చెప్పలేం. పక్షుల ఎర్ర రక్తకణాల్లో మైటోకాండ్రియాలు పనిచేస్తున్నాయని 2013లో నిరూపించారు. వైరస్‌లు, వాటిని పోలిన పదార్థాలు తగిలినప్పుడు కొన్ని రోగనిరోధక జన్యువులు ఈ కణాల్లో స్పందిస్తున్నట్టు కొన్నేళ్లుగా ఆధారాలు వస్తున్నాయి. తాళం వేసిన ఇంట్లో ఒకటి రెండు గదుల్లో దీపం వెలుగుతూనే ఉందన్నమాట. పక్షి ఆ కేంద్రకాన్ని ఎందుకు పారేయలేదనే ప్రశ్నకు సమాధానం బహుశా ఆ గదుల్లోనే వెతకాలి.

1884లో కోసెల్ చేతికి వచ్చిన ప్రొటీన్‌ను కేవలం మూటగుడ్డ అనుకున్నారు. నూట నలభై ఏళ్లలో అదే, ఏ జన్యువు ఏ కణంలో ఎప్పుడు మాట్లాడాలో నిర్ణయించే యంత్రాంగంలో కీలక భాగమని రుజువైంది. తలసీమియా రోగికి ఇచ్చే జన్యువు నోరు మూతపడకుండా చూడటం, కణితి కణానికి విభజన ఆపడం మళ్లీ నేర్పడం ఇప్పటి వైద్యం ముందున్న సవాళ్లు. రెండింటిలోనూ అసలు ప్రశ్న ఒకటే: క్రొమాటిన్‌ను కావలసిన చోట ఎలా మూయాలి, కావలసిన చోట ఎలా తెరవాలి? కోడి ఎర్ర రక్తకణం ఈ రెండు పనులనూ ఒకే కేంద్రకంలో, కొద్ది రోజుల్లో, తప్పు లేకుండా చేసి చూపిస్తుంది.